రాకెట్టు కంటే ముందు నేల కావాలి

(ఎర్రుపాలెంలో అంబేద్కర్ జయంతి సభలో హైస్కూలు పిల్లల్నీ, వాళ్ళ తల్లిదండ్రుల్నీ ఉద్దేశించి ఇచ్చిన ఉపన్యాస పాఠం)



జయంతి సభలో టెన్నిస్ మీద మాట్లాడతామని చెప్పగానే మనోళ్ళే కొందరు నవ్వారు. "సానియా మీర్జా మన వాడ పిల్లా? మనకింకా శ్మశానానికి జాగా లేదు, ఇళ్ళ పట్టాలు లేవు, కూలి గిట్టుబాటు లేదు. మధ్యలో ఈ టెన్నిస్ గొడవేంది సారూ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మేం చెప్పే జవాబు కూడా తిరిగి తిరిగి ఆ జాగా దగ్గరికే వస్తుంది. శ్మశానానికి జాగా లేనోళ్ళకే ఆటకూ జాగా లేదు. రెండూ ఒక్క గొడవే.

ముందే ఒక మాట తేల్చుకుందాం. సానియా మీర్జా దళితురాలు కాదు. పూట గడవని ఇంటి పిల్ల కూడా కాదు. ఆమెను తెచ్చి మన వాడలో బొమ్మ పెట్టుకుని దండేద్దామని మేం రాలేదు. ఆమె ఇరవై ఏళ్ళు ఆడిన ఆట లోకం కళ్ళముందు జరిగింది. ఆ ఆటకు ఏమేం పెట్టుబడి అయ్యాయో, గెలిచాక ఏమేం మాటలు పడిందో అన్నీ పత్రికల్లోకి ఎక్కాయి. ఆ లెక్క విప్పి చూస్తే మన పిల్లలకు ఏది లేదో మనకు అర్థమవుతుంది. తెలివి లేదా, బలం లేదా, లేక ఇంకేమన్నా లేదా అన్నది తేలుతుంది. అందుకే ఈ ఉపన్యాసం.

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. పెరిగిందంతా హైదరాబాదులో. ఆరేళ్ళ వయసులో తల్లి నసీమా ఆమెను నిజాం క్లబ్బుకు తీసుకుపోయింది. అక్కడి కోచ్ పిల్ల మరీ చిన్నదని మొదట చేర్చుకోనన్నాడు. చేర్చుకున్నాక నెల తిరక్కుండానే తల్లిదండ్రుల్ని పిలిపించి, మీ పిల్ల ఎట్లా ఆడుతుందో ఒకసారి వచ్చి చూసుకోమన్నాడు. ఈ ముక్క దగ్గర మనం కొంచెం ఆగాలి. ఆరేళ్ళ పిల్ల చేతిలో ఏదో ఉందని గుర్తుపట్టడానికి ఒక కోచ్ ఉన్నాడు. ఆ కోచ్ దగ్గరికి తీసుకుపోవటానికి ఒక తల్లికి తీరిక ఉంది. ఆ కోచ్ పిలిస్తే పని మానుకుని పోవటానికి ఒక తండ్రికి వెసులుబాటు ఉంది. మన పిల్లల చేతుల్లో ఏముందో చూసి, మనల్ని పిలిచి చెప్పేవాడు ఎవడున్నాడు? ఉన్నా, ఆ పిలిచిన పూట మనం మిరపతోటలో ఉంటామా, బడి దగ్గర ఉంటామా?

తండ్రి ఇమ్రాన్ మీర్జా క్రీడా విలేకరిగా పనిచేసినవాడు. ఆట తెలిసిన మనిషి. తర్వాత తర్వాత ఆయనే ఆమెకు కోచ్ కూడా అయ్యాడు. జి.వి.కె. సంస్థ చిన్నతనంలోనే ఆమె ఆట ఖర్చుకు అండగా నిలిచింది. ఆ రోజుల్లో హైదరాబాదులో మంచి కోర్టులు లేక, పేడ అలికిన కోర్టుల మీద ఆడానని ఆమె తర్వాత చెప్పుకుంది. పేడ అలకటం మన ఆడోళ్ళకు తెలియని విద్య కాదు. ఊళ్ళో ఎన్ని వాకిళ్ళు అలికారో వాళ్ళ చేతులకే తెలుసు. అలికిన నేల మీద ఆడే హక్కు మాత్రం మన పిల్లలకు రాలేదు.

ఇదంతా ఆమెను తక్కువ చేయటానికి చెప్పటం లేదు. అండ ఉన్న పిల్లలు హైదరాబాదులో వేలమంది ఉన్నారు. వాళ్ళందరూ సానియాలు కాలేదు. తెల్లారకముందు లేచి పరుగెత్తింది ఆమె కాళ్ళే. బంతిని కొట్టీ కొట్టీ వాచింది ఆమె మణికట్టే. కష్టం ఆమెది. అయితే కష్టపడే అవకాశం దొరకటం వేరు, కష్టపడటం వేరు. ఈ రెండిటినీ కలిపేసి "కష్టపడితే ఎవరైనా పైకొస్తారు" అని మనకు నీతులు చెప్పేవాళ్ళున్నారు. వరిచేలో వంగి నాటేసే మన తల్లుల కంటే ఎక్కువ కష్టపడినోళ్ళు ఎవరండీ? వాళ్ళు ఎంత పైకొచ్చారు?

ఇక ఆమె ఆట సంగతి. 2003లో వింబుల్డన్‌లో బాలికల డబుల్స్‌ను రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో కలిసి గెలిచింది. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. మన పిల్లలు పదో తరగతి దాటే వయసు. అదే ఏడాది హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో నాలుగు బంగారు పతకాలు తెచ్చింది. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా పోయి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఓడినా దేశమంతా ఆ మ్యాచ్ చూసింది. ఫిబ్రవరిలో హైదరాబాదులోనే సింగిల్స్ టైటిల్ గెలిచింది. మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో ఒక భారతీయురాలు సింగిల్స్ టైటిల్ గెలవటం అదే మొదలు. తర్వాత దుబాయ్‌లో అప్పటి యు.ఎస్. ఓపెన్ విజేత కుజ్నెత్సోవాను ఓడించింది. ఆ సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగో రౌండు దాకా వెళ్ళింది. 2007 ఆగస్టుకు ప్రపంచంలో 27వ ర్యాంకు.

ర్యాంకు అంటే ఏంటో పిల్లలకు చెప్పాలి. మన బడిలో ర్యాంకు వస్తే ఆ మార్కుల కాగితం జన్మంతా మనదే. టెన్నిస్‌లో అట్లా కాదు. అక్కడ ర్యాంకు కౌలు భూమి లాంటిది. ఈ వారం ఒక టోర్నీలో ఆడి సంపాదించిన పాయింట్లు 52 వారాలే ఉంటాయి. ఏడాది తిరిగేసరికి అవి పోతాయి. మళ్ళీ ఆడి, మళ్ళీ గెలిచి, మళ్ళీ సంపాదించుకోవాలి. కాలు బెణికిందనో చెయ్యి నొప్పనో ఇంట్లో కూర్చుంటే కౌలు పోయినట్టే. పాయింట్లుంటేనే పెద్ద టోర్నీలోకి రానిస్తారు. పెద్ద టోర్నీ ఆడితేనే పెద్ద పాయింట్లు. చిన్న టోర్నీలతో మొదలుపెట్టాలంటే దేశాలు పట్టుకు తిరగాలి. విమానం టిక్కెట్లు, బస, తిండి, కోచ్ జీతం, డాక్టర్ ఖర్చు అన్నీ ఎవరివి వాళ్ళే పెట్టుకోవాలి. మొదటి రౌండులో ఓడితే చేతికొచ్చేది దారి ఖర్చులకు కూడా చాలదు. పైరు వేయకముందే పెట్టుబడి పెట్టాలి, పండుతుందో లేదో తెలియదు. కౌలు రైతు బాధ తెలిసినోళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మన కౌలుదారు అప్పు తెచ్చి మిరప వేస్తాడు. అట్లాంటి ఇంటి పిల్ల టెన్నిస్ ర్యాంకు కోసం ఇంకో అప్పు తేగలుగుతుందా?

సానియా కౌలు కూడా 2008లో పోయినంత పనయింది. కుడి మణికట్టుకు దెబ్బ తగిలి ఆపరేషన్ అయింది. సింగిల్స్‌లో మళ్ళీ ఆ పాత ర్యాంకుకు రాలేదు. వేరేవాళ్ళయితే అక్కడితో సరి అనుకునేవాళ్ళు. ఆమె ఆట మార్చుకుంది. ఇద్దరు కలిసి ఆడే డబుల్స్ మీదికి మళ్ళింది. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌నూ, 2012లో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌నూ మహేష్ భూపతితో కలిసి గెలిచింది. 2014లో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో యు.ఎస్. ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో జట్టు కట్టి 2015లో వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్, 2016లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఇద్దరూ కలిసి వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. డబుల్స్‌లో ప్రపంచ నెంబర్ వన్ అయింది. ఏ రోజో తెలుసా? 2015 ఏప్రిల్ 13న. అంటే బాబాసాహెబ్ జయంతికి ముందు రోజు. ఆ స్థానం అందుకున్న మొదటి భారతీయ మహిళ ఆమె. 91 వారాలు ఆ స్థానంలో ఉంది.

ఈ డబుల్స్ ఆటలో మన వాడలకు ఒక పాఠముంది. ఒకరు వల దగ్గర నిలబడతారు, ఇంకొకరు వెనక నిలబడతారు. పక్కనున్నామె బంతి వదిలేసిందని మొహం తిప్పుకుంటే ఇద్దరూ ఓడతారు. మన ఊళ్ళల్లో సంక్రాంతికి కబడ్డీ పోటీ పెడితే మాల పిల్లలది ఒక జట్టు, మాదిగ పిల్లలది ఒక జట్టు. గెలిచినోడు ఓడినోణ్ణి ఎక్కిరిస్తాడు. గట్టు మీద కూర్చున్న దొరలు ఇద్దర్నీ చూసి చప్పట్లు కొడతారు. ఆ గ్రౌండు ఎవరి పేరున ఉందని మాత్రం రెండు జట్లలో ఒక్కడూ అడగడు.

ఇప్పుడు మాటలు పడిన సంగతి చెప్పుకుందాం. 2005లో, పద్ధెనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, ఆమె పొట్టి స్కర్టు వేసుకుని ఆడుతోందని ఒక మతపెద్ద ఫత్వా ఇచ్చాడు. ఆమె ఎట్లా కొట్టింది, ఎవర్ని ఓడించింది అన్నది పోయి ఏం తొడుక్కుంది అన్నది పెద్ద వార్తయింది. 2008లో ఆమె కాళ్ళు చాపుకుని కూర్చున్న ఒక ఫోటోలో దగ్గర్లో జాతీయ జెండా కనపడిందని కేసు పెట్టారు. ఆ ఏడాది ఈ గొడవలతో విసిగి బెంగుళూరు టోర్నీకి రాకుండా మానుకుంది. 2010లో పాకిస్తాన్ క్రికెటర్‌ను పెళ్ళి చేసుకుంటే ఆమె దేశభక్తిని తూకానికి పెట్టారు. 2014 జూలైలో కొత్తగా ఏర్పడ్డ తెలంగాణ రాష్ట్రానికి ఆమెను ప్రచారకర్తగా పెడితే ఒక పార్టీ నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. తాను భారతీయురాలినేనని, బతికున్నంతకాలం భారతీయురాలిగానే ఉంటానని ఆమె వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. రెండు నెలలు తిరక్కుండానే యు.ఎస్. ఓపెన్ కప్పు ఎత్తింది. ఆ రోజు అందరికీ ఆమె మన తెలంగాణ బిడ్డ అయింది.

ఈ తంతు మనకు కొత్తా? మన పిల్ల ఫస్టు క్లాసులో పాసయితే "రిజర్వేషన్ ఉంది కదా" అంటారు. ఫెయిలయితే "వాళ్ళకు చదువెట్లా వస్తుంది" అంటారు. గెలిచినా సాకే, ఓడినా సాకే. ముస్లిం ఆడపిల్ల ప్రతిసారీ దేశభక్తి సర్టిఫికెట్ చూపించాలి. దళిత పిల్ల ప్రతిసారీ తెలివి సర్టిఫికెట్ చూపించాలి. అడిగేవాళ్ళు మాత్రం ఏ సర్టిఫికెట్టూ చూపించక్కర్లేదు. మా తరంలో ఇంట్లో మొదట డిగ్రీ చదివిన వాళ్ళం మేం. ఉద్యోగంలో చేరి ఇన్నేళ్ళయినా స్టాఫ్ రూముల్లో ఆ చూపు మాకు తెలుసు.

2012 లండన్ ఒలింపిక్స్ అప్పుడు ఇంకో సంగతి జరిగింది. పెద్ద మగ ఆటగాళ్ళు ఒకరితో ఒకరు ఆడమని పంతం పట్టారు. టెన్నిస్ సంఘం వాళ్ళ పంచాయితీ తీర్చటానికి సానియా ఎవరితో మిక్స్‌డ్ ఆడాలో తానే తేల్చింది. అంతకు కొద్దివారాల ముందే ఆమె భూపతితో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి ఉంది. అయినా ఆమెను వేరొకరితో కలిపారు. అలిగిన మగవాణ్ణి బుజ్జగించటానికి తనను ఎరగా వాడారని ఆమె బహిరంగంగా రాసింది. ఒలింపిక్స్‌లో ఆడతానంటూనే ఆ మాట అంది. దేశం కోసం ఆడతా, అవమానాన్ని మాత్రం మింగను అని చెప్పినట్టయింది. మన ఆడపిల్లలకు ఇది చెప్పాలి. నోరు మూసుకుని ఉండటం మంచితనం కాదు.

కూలి మాట కూడా ఒకటుంది. టెన్నిస్‌లో ఆడోళ్ళకు మగోళ్ళతో సమానంగా బహుమతి డబ్బు ఊరికే రాలేదు. బిల్లీ జీన్ కింగ్ లాంటి వాళ్ళు కొట్లాడితే 1973లో యు.ఎస్. ఓపెన్ సమానంగా ఇచ్చింది. వింబుల్డన్ మాత్రం 2007 దాకా ఇవ్వలేదు. వీనస్ విలియమ్స్ పత్రికల్లో రాసి, సభల్లో అడిగి, ఆ వింబుల్డన్ పెద్దమనుషుల్ని కదిలించింది. రాణులు, రాజులు కూర్చుని చూసే ఆటలోనే సమాన కూలికి ఇన్నేళ్ళు పట్టింది. ఇక్కడ మిరపతోటలో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వంగి కాయలు కోసే ఆడమనిషికీ, బస్తాలెత్తే మగమనిషికీ కూలిలో తేడా ఎందుకని మనం ఎప్పుడన్నా గట్టిగా అడిగామా? వింబుల్డన్‌లో న్యాయమైంది ఎర్రుపాలెంలో అన్యాయమెట్లా అవుతుంది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సానియాకు అండ ఉంది సరే, అండ లేనోళ్ళు ఈ ఆటలో ఎవరూ పైకి రాలేదా అని పిల్లలు అడగొచ్చు. వచ్చారు. అమెరికాలో నల్లజాతి వాళ్ళు వచ్చారు. ఎట్లా వచ్చారో చూడండి.

ఆల్తియా గిబ్సన్ 1927లో పుట్టింది. న్యూయార్కులో హార్లెమ్ అనే నల్లవాళ్ళ పేటలో పెరిగింది. ఆ పేటలో ఒక వీధిని పిల్లల ఆటకోసం పోలీసులు బండ్లు రాకుండా మూసేవాళ్ళు. ఆ వీధిలో చెక్క బ్యాటుతో ఆట నేర్చుకుంది. తెల్లవాళ్ళ క్లబ్బులు ఆమెను చాలాకాలం రానివ్వలేదు. 1950లో మొదటిసారి అమెరికా జాతీయ పోటీలో అడుగుపెట్టింది. 1957లో, 1958లో వింబుల్డన్ గెలిచింది. ఇంగ్లండు రాణి చేతుల మీదుగా కప్పు తీసుకుంది. గెలిచినందుకు డబ్బు రాని రోజులవి. ముసలితనంలో పేదరికం కూడా చూసింది.

ఆర్థర్ ఆష్ 1943లో రిచ్‌మండ్ పట్నంలో పుట్టాడు. తండ్రి నల్లవాళ్ళకని విడిగా పెట్టిన ఒక పార్కుకు కాపలాదారు. వాళ్ళ ఇల్లు ఆ పార్కులోనే. గుమ్మం ముందే టెన్నిస్ కోర్టులు. అట్లా ఆట అబ్బింది. అదే ఊళ్ళో తెల్లవాళ్ళ కోర్టుల్లో అడుగుపెట్టనివ్వలేదు. 1968లో యు.ఎస్. ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. వీనస్, సెరెనా అక్కచెల్లెళ్ళకు తండ్రే కోచ్. కాంప్టన్ అనే పేదల పేటలో మున్సిపాలిటీ కోర్టుల మీద ఆడించాడు. ఆ సెరెనా 23 సింగిల్స్ గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది.

ఈ ముగ్గురి కథలో తండ్రి వేరు, కాలం వేరు, ఊరు వేరు. ఒక్కటి మాత్రం సమానంగా ఉంది. పిల్లల కోసం మూసిన వీధి, పార్కు, మున్సిపాలిటీ కోర్టు. అందరిదీ అయిన నేల ఒకటుంది. అది వెలివేసిన నేలే కావచ్చు, గతుకుల నేలే కావచ్చు. కానీ ఉంది. గుమ్మానికి దగ్గర్లో ఉంది. డబ్బు లేని ఇంటి పిల్లకు తండ్రి ఇవ్వలేనిది ఊరు ఇవ్వాలి, ప్రభుత్వం ఇవ్వాలి.

మన దేశం సంగతి కూడా చూద్దాం. పల్వంకర్ బాలూ అని ఒక అంటరాని కులస్తుడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో గ్రౌండు పని చేసేవాడు. పిచ్ చదును చేయటం, వల కట్టటం, దొరలు బ్యాటింగ్ సాధన చేస్తుంటే బంతులు వేయటం అతని కొలువు. ఆ గ్రౌండు మీద పనివాడిగా నిలబడే హక్కు దొరికింది కాబట్టి బౌలింగు నేర్చాడు. హిందువుల జట్టులో ఆడినప్పుడు మైదానంలో అతను వేసిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ తాగే వేళ అతనికి బయట విడిగా మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీసి వచ్చాడు. అయినా హిందూ జట్టుకు కెప్టెన్ కానివ్వలేదు. తమ్ముడు విఠల్‌కు 1923లో కెప్టెన్ పదవి దక్కింది. అదీ కొట్లాడితేనే దక్కింది. మన గడ్డ మీద గ్రౌండు చదును చేసేది ఎవరు, ఆడేది ఎవరు, పేరు ఎవరిది అన్న ప్రశ్న వందేళ్ళ నాటిది.

ప్రభుత్వం తలుచుకుంటే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. మన ఖమ్మం జిల్లాలోనే ఉండిన చర్ల నుంచి వచ్చిన దళిత పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ మంచుకొండ చూసినోళ్ళు కాదు. హాస్టల్లో కడుపునిండా పెట్టారు. భువనగిరి గుట్ట మీద ఎక్కటం నేర్పారు. డార్జిలింగుకు, లడఖ్‌కు తీసుకుపోయి తర్ఫీదిచ్చారు. ఖర్చు ప్రభుత్వం పెట్టింది. భద్రాచలం అడవి అంచు పిల్లవాడు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కొండెక్కాడంటే లోపం పిల్లల్లో లేదని రుజువయినట్టే కదా. ఇద్దరు ఎక్కారని చప్పట్లు కొట్టి మిగతా వేలమందిని మరిచిపోతే మాత్రం అది కంటితుడుపే.

ఇప్పుడు మన బళ్ళ సంగతి. టెన్నిస్ కోర్టు అంటే ఎంత జాగా అనుకుంటున్నారు? గీతల లోపల 78 అడుగుల పొడవు, డబుల్స్‌కు 36 అడుగుల వెడల్పు. చుట్టూ పరుగెత్తే జాగాతో కలిపి 120 అడుగులకు 60 అడుగులు. మన లెక్కలో ఏడు గుంటలకు తక్కువే. ఒక ఎకరంలో ఆరు కోర్టులు పడతాయి. ఈ మండలంలో ఎన్ని ఎకరాల ప్రభుత్వ భూమి ఎవరెవరి మిరపతోటల్లో కలిసిపోయిందో మీకు మేం చెప్పాలా? అందులోంచి ఏడు గుంటలు పిల్లలకు రాలేదు.

2009 విద్యాహక్కు చట్టం బడి అంటే ఏమేం ఉండాలో పట్టిక రాసింది. తరగతి గదులు, మరుగుదొడ్లు, మంచినీళ్ళతో పాటు ఆటస్థలం కూడా అందులో ఉంది. ఆట సామాను కూడా ఉంది. అది దయ కాదు, చట్టం. అయినా మన చుట్టుపక్కల ఏం జరుగుతోంది? ఫిబ్రవరి వచ్చిందంటే కొన్ని చోట్ల బడి గ్రౌండు మిరపకాయల కల్లం అవుతుంది. వడ్ల కాలంలో కాంటాలు అక్కడే పెడతారు. మీటింగంటే అక్కడే టెంటు. ఇంకో కొత్త బిల్డింగు కట్టాలంటే గ్రౌండు మధ్యలోనే ముగ్గు పోస్తారు. ప్రైవేటు బడికి పోయే ఆసాముల పిల్లలకు ఇంకోచోట ఆట దొరుకుతుంది. బడి గ్రౌండు పోతే మన పిల్లలకు ఇంకో గ్రౌండు లేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. పదమూడేళ్ళు రాగానే మనమే ఆట మానిపిస్తాం. పెద్దమనిషయింది, ఎగిరితే ఏమంటారో అని. మిరప కోతలొస్తే బడి కూడా మానిపించి తోటకు తీసుకుపోతాం. తోటలో వంగటానికి అడ్డం రాని వయసు గ్రౌండులో పరుగెత్తటానికి అడ్డమొస్తుందా? సానియా స్కర్టు మీద ఫత్వా ఇచ్చిన మతపెద్దను తిడతాం. మన పిల్ల నిక్కరు తొడుక్కుని ఖోఖో ఆడితే మన వాడ అరుగుల మీద ఏం మాట్లాడుకుంటాం? పెళ్ళయితే, బిడ్డ పుడితే ఆడదాని బతుకు అయిపోయినట్టే అంటాం. సానియాకు 2018లో కొడుకు పుట్టాడు. పెరిగిన ఒళ్ళు తగ్గించుకుని 2020 జనవరిలో మళ్ళీ కోర్టులోకి దిగి, దిగిన మొదటి టోర్నీలోనే హోబర్ట్‌లో డబుల్స్ గెలిచింది. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆట ముగించింది. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు వీడ్కోలు మ్యాచ్ ఆడింది. అప్పటికి ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 43 డబుల్స్ టైటిళ్ళు. పక్కన నాలుగేళ్ళ కొడుకు.

మన పిల్లలందర్నీ సానియాల్ని చేద్దామని మేం చెప్పటం లేదు. వందమంది ఆడితే ఒక్కరే ఆ ఎత్తుకు పోతారు. మిగతా తొంభైతొమ్మిది మందికీ ఆట పనికొస్తుంది. ఓడి మళ్ళీ లేవటం వస్తుంది. ఎదుటివాడు ఏ కులమోడైనా కళ్ళల్లోకి చూసి నిలబడటం వస్తుంది. ఆటలో రూలు అందరికీ ఒక్కటే అని ఒకసారి ఒంటికి పట్టినోడు ఊళ్ళో రెండు రూళ్ళు ఎందుకని అడుగుతాడు. రెండు గ్లాసులు ఎందుకని అడుగుతాడు. ఆటస్థలం మనకు దక్కకుండా చేసేవాళ్ళకు ఆ భయం ఉంది.

కాబట్టి చేయాల్సిన పనులు కొన్ని ఈ సభలోనే అనుకుందాం. మీ మీ బడి గ్రౌండు ఏ సర్వే నెంబరులో ఉంది, ఎంత విస్తీర్ణమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదాం. రాయటం రానోళ్ళకు మేం రాసిస్తాం. వచ్చిన కాగితం పట్టుకుని గొలుసు పెట్టి కొలిపిద్దాం. తక్కువ వస్తే ఎవరి గట్టు జరిగిందో తేలుతుంది. గ్రౌండులో కాయలు పోయనివ్వబోమని స్కూలు కమిటీలో తీర్మానం చేయిద్దాం. ఆ కమిటీలో మన తల్లులు సంతకాలకే పనికొచ్చే సభ్యులుగా ఉండొద్దు, నోరు విప్పాలి. పీఈటీ పోస్టు ఖాళీగా ఉన్న బడి పేరు రాసి ఇవ్వండి, అందరం కలిసి ఖమ్మం పోదాం. వాడలో మాల, మాదిగ పిల్లల్ని కలిపి ఒకే జట్టు కడదాం. సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకు గ్రౌండు విడిచిపెడదాం. కాపలాకు మగపిల్లలు కాదు, తల్లులే వచ్చి కూర్చుంటారు.

చదువు, సంఘటితం, పోరాటం అన్నాడు బాబాసాహెబ్. ఆ మూడూ జరగాలంటే నిలబడటానికి కాళ్ళ కింద నేల ఉండాలి. కొలత గొలుసు ఎవరు తెస్తారో, ఏ బడితో మొదలుపెడతామో ఇక్కడే చెప్పండి. ఎండలు ముదరకముందే పొద్దున్నే పోదాం.

జై భీమ్.